శాఖల ఉమ్మడి మాతృక : వెర్షన్ కంట్రోలు చరిత్రయం దొక పరిశీలనము

ఒక గ్రంథమునకు రెండు ప్రతులు లభించి, ఆ రెంటియందును పాఠము భేదించినపుడు పరిష్కర్త మొదట వేసికొనవలసిన ప్రశ్న ఏ పాఠము మంచిదనునది కాదు. ఈ రెండును ఏ మాతృకనుండి చీలినవి యనునది. మాతృక తెలిసినచో ఏ ప్రతి దానినుండి తొలగినదో తెలియును. తెలియనిచో పరిష్కర్తకు మిగులునది తన అభిరుచి మాత్రమే. పాఠపరిష్కరణమునందు ఇది మనకు చిరపరిచితమైన విషయము. ఇట్టి ప్రశ్నయే గడచిన అర్ధశతాబ్దిలో, మన విద్యకు మిక్కిలి దూరముగా తోచు వేఱొక రంగమున, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి నడుమ తలయెత్తినది. వారు దానికి కనుగొన్న సమాధానములను, ఆ సమాధానములందలి లోపములను కాలక్రమమున పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మేము ప్రతిపాదింపబోవు అంశ మొక్కటే. తాళపత్రములపై పనిచేయువారికి లేని భాగ్యము ప్రోగ్రాములు వ్రాయువారికి కలదు: ఏ ప్రతి దేనినుండి పుట్టినదో పుట్టినపుడే వ్రాసి యుంచుకొనవచ్చును. అయినను, విరివిగా వాడుకలోనున్న పద్ధతులలో ఆ సంబంధము సంపూర్ణముగా నమోదగుటకు దాదాపు ముప్పది యేండ్లు పట్టినది. నమోదైన పిమ్మట సైతము, వంశక్రమమంతయు కన్నులయెదుట నున్నను, ఉమ్మడి మాతృక ఒక్కటిగా తేలని సందర్భములు ఏర్పడినవి. అట్టిచోట యంత్రము చేయుపని పరిష్కర్త చేయుపనికి మిక్కిలి సన్నిహితమైనది. ఎన్నడును లేని మాతృకను అది కల్పించుకొనును.

1. మూడవ ప్రతి యేల?

తొలుత పరిభాషను స్పష్టపఱుపవలెను. కంప్యూటరు ప్రోగ్రాము పంక్తులుగా వ్రాయబడిన పాఠమే. దానిని దినదినమును మార్చుచుందురు. మార్చిన ప్రతిసారియు అప్పటి రూపమును, మార్చినవారి పేరును, కాలమును, కారణమును భద్రపఱచు ఏర్పాటునకు వెర్షన్ కంట్రోలు అని పేరు. అట్లు భద్రపఱుపబడిన ఒక్కొక్క రూపమును ఇచ్చట 'ప్రతి' యని వ్యవహరింతుము. ఒకే ప్రతినుండి ఇద్దఱు వేఱువేఱుగా పని సాగించినచో రెండు శాఖలు ఏర్పడును. వానిని మరల ఒక్కటి చేయుట మేళనము. రెండు శాఖల కొనలకును పూర్వమైన ప్రతి వాని ఉమ్మడి పూర్వప్రతి. మన పరిభాషలో ఉమ్మడి మాతృక.

ఉదాహరణమునకు, ఒక గ్రంథాలయపు సభ్యత్వపు లెక్కలు చేయు ప్రోగ్రామునందు రుసుమును తెలుపు పంక్తి యొకటి కలదనుకొందము. ఒక శాఖలో ఆ రుసుము 10 రూపాయలని, వేఱొక శాఖలో 12 రూపాయలని ఉన్నది. ఈ రెండు ప్రతులను మాత్రమే ప్రక్కప్రక్కన నుంచి చూచినచో భేదము తెలియునే కాని, ఏది మార్పు, ఏది పూర్వస్థితి యనునది తెలియదు. ఉమ్మడి మాతృకలో 10 అని యున్నచో రెండవవాడు దానిని 12కు పెంచినాడనియు, మొదటివాడు దానిని ముట్టలేదనియు తేలును. మేళనమున 12 నిలుచును. మాతృకలో 12 అని యున్నచో మొదటివాడే దానిని తగ్గించినాడు. అపుడు 10 నిలుచును. ఉన్న రెండు ప్రతులు రెండు సందర్భములయందును అవియే. మాఱినది మూడవదగు మాతృక. దానినిబట్టి తీర్పు తలక్రిందులైనది. ఇద్దఱును ఆ పంక్తిని మార్చి, చెఱియొక అంకె వ్రాసినపుడు మాత్రమే నిజమైన వైరుధ్య మేర్పడును. దానిని మనుష్యుడు పరిష్కరింపవలెను.

రెండు పాఠములను పోల్చి భేదములను చూపు 'డిఫ్' అను సాధనమును డగ్లస్ మెక్ఇల్రాయ్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో రచించెను. అది 1974లో యూనిక్స్ ఐదవ ప్రచురణముతో వెలువడినది. మూడు పాఠములను పోల్చు 'డిఫ్3' 1979 నాటి ఏడవ ప్రచురణమునందు కలదు. మూడవ పాఠముయొక్క విలువ అప్పటికే గ్రహింపబడినదని దీనివలన తెలియుచున్నది. కాని ఆ మూడవ పాఠము ఏదో సాధనము కనిపెట్టదు. వాడువారే తెచ్చి యీయవలెను. కావున ఉమ్మడి మాతృకను వెదకు భారము మనుష్యుని స్మృతిపై నుండెను.

2. సంఖ్యయే వంశము

బెల్ ప్రయోగశాలలయందే మార్క్ రోచ్‌కైండ్ 1972లో ఎస్‌సీసీఎస్ అను పద్ధతిని ఆరంభించి, దానిని గూర్చిన వ్యాసమును 1975లో ప్రకటించెను. ప్రతులను క్రమముగా భద్రపఱచు పద్ధతులలో ఇది ఆద్యమైన వానియం దొకటి. పిమ్మట 1982 ప్రాంతమున పర్డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ అను పద్ధతిని రూపొందించెను. ఇందు తుదిప్రతి సంపూర్ణముగను, పూర్వప్రతులు దానినుండి వెనుకకు లెక్కింపదగిన భేదములుగను నిలువచేయబడును.

మన ప్రస్తుతాంశమునకు ముఖ్యమైనది ఆర్‌సీఎస్ నందలి సంఖ్యావిధానము. ప్రధానశాఖలోని ప్రతులకు 1.1, 1.2, 1.3 అని సంఖ్యలు. 1.2 అను ప్రతినుండి ఒక శాఖ చీలినచో దాని ప్రతులు 1.2.1.1, 1.2.1.2 అని సాగును. కావున 1.4కును 1.2.1.3కును ఉమ్మడి మాతృక యేదని అడిగినచో వెదకనక్కఱలేదు. సంఖ్యలను చూచినంతనే 1.2 అని చెప్పవచ్చును. ప్రతియొక్క పేరే దాని వంశమును చెప్పుచున్నది.

ఇట్టి సౌలభ్యమునకు కారణము వంశక్రమము శుద్ధమైన వృక్షముగా నుండుట. వృక్షమునందు ప్రతి కణుపునకును జనకు డొక్కడే. అట్టిచోట ఏ రెండు కణుపులకైనను మిక్కిలి సమీపమైన ఉమ్మడి పూర్వికుడు ఒక్కడే యుండును, ఇద్దఱుండుటకు వీలులేదు. వృక్షములలో ఆ పూర్వికుని వెదకు సమస్యను ఆహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్‌మన్ పండితులు 1973లో పరిశీలించిరి. వృక్షము నొకసారి సిద్ధపఱుచుకొన్నచో, అది యెంత పెద్దదైనను, ప్రతి ప్రశ్నకును స్థిరమైన కాలములోనే సమాధానము చెప్పవచ్చునని హారెల్, టార్జన్ 1984లో నిరూపించిరి. అనగా శాస్త్రమునకు లోటు లేదు; లోటు వేఱొకచోట నుండెను.

3. మేళనము నమోదుకాని కాలము

శాఖలు చీలుచు పోవునంతవఱకు వృక్షము వృక్షముగనే యుండును. శాఖలు మరల కలిసినపుడు చిక్కు మొదలగును. మేళనమువలన పుట్టిన ప్రతికి జనకు లిద్దఱు. ఈ రెండవ జనకుని పేరును వ్రాసికొనుటకు ఆర్‌సీఎస్ సంఖ్యలలో తావు లేదు.

ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని వ్రైయె విశ్వవిద్యాలయమున డిక్ గ్రూన్ 1986లో సీవీఎస్ అను పద్ధతిని వెలువరించెను. దానిని 1989లో బ్రయన్ బెర్లినర్ మరల రచించెను. అనేకులు ఏకకాలమున ఒకే ప్రోగ్రాముపై పనిచేయుటకు అనుకూలమగుటచేతను, ఉచితముగా లభించుటచేతను అది మిక్కిలి వ్యాప్తిలోనికి వచ్చెను. కాని అది ఆర్‌సీఎస్ పునాదిపై కట్టినది. మేళనముయొక్క జ్ఞాపకము దానికి లేదు. శాఖను ప్రధానపాఠమునందు కలిపిన పిమ్మట పుట్టిన ప్రతి, పేరునుబట్టి చూడగా, ప్రధానశాఖలోని మఱొక ప్రతి మాత్రమే.

దీనివలన కలుగు అనర్థమును వెనుకటి ఉదాహరణముతోనే చూపవచ్చును. మాతృకలో రుసుము 10. శాఖలో 12 చేసిరి. ఆ శాఖను ప్రధానపాఠమునందు కలిపిరి. ప్రధానపాఠమునను 12 అయ్యెను. తరువాత ప్రధానపాఠమున దానిని 13గా దిద్దిరి. ఇంతలో శాఖలో పని సాగి, రుసుముతో సంబంధము లేని వేఱొక పంక్తి చేరెను. శాఖను రెండవమాఱు కలుపవలసివచ్చినది. మొదటి మేళనము నమోదు కాలేదు గనుక ఉమ్మడి మాతృక యని పద్ధతి యెంచునది మొట్టమొదట చీలిన తావునందలి ప్రతియే. అందు 10, ప్రధానపాఠమున 13, శాఖలో 12. ఇద్దఱును మార్చినట్లు తోచి, ఎన్నడో తీఱిపోయిన తగవు మరల వైరుధ్యముగా లేచును. నిజమునకు, మొదటి మేళనమునాటి శాఖాప్రతియే ఇపుడు ఉమ్మడి మాతృక. అందు 12; శాఖలో నేటికిని 12; ప్రధానపాఠమువారే దానిని మార్చిరి; 13 నిలువవలెను. తగవునకు తావే లేదు.

ఈ చిక్కు తప్పుటకు, మేళనము చేసిన ప్రతిసారియు శాఖయందు ఒక గుఱుతు పెట్టి, రెండవమాఱు ఆ గుఱుతునుండి మాత్రమే మార్పులను తీసికొనవలెనని సీవీఎస్ వాడుకపుస్తకము బోధించెను. అనగా వంశక్రమమును యంత్రము మఱచినది, మనుష్యుడు జ్ఞాపకముంచుకొనవలెను. సీవీఎస్ స్థానమును పొందుటకై నిర్మింపబడి 2004 ఫిబ్రవరిలో మొదటి సంపూర్ణరూపమున వెలువడిన సబ్‌వర్షన్ సైతము ఆరంభమున ఈ లోపమును తొలగింపలేదు. వాడువారు ఏయే సంఖ్యలనుండి ఏయే సంఖ్యలవఱకు కలిపిరో వివరణవాక్యములలో చేతితో వ్రాసికొనుచుండిరి. 2008 జూనులో వచ్చిన 1.5వ రూపముతో మేళనముల జాబితా నుంచుకొను ఏర్పాటు కలిగెను. 1992లో వెలువడిన క్లియర్‌కేస్ వంటి విక్రయపద్ధతులు మేళనములను ముందే గుఱుతుంచుకొనుచుండినను, అవి వెలపెట్టి కొనగల సంస్థలకే పరిమితములయ్యెను.

4. ఇద్దఱు జనకులు

2003లో గ్రేడన్ హోర్ వెలువరించిన మోనోటోన్, 2005 ఏప్రిలులో లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన గిట్, అదే నెలలో మాట్ మాకల్ ఆరంభించిన మెర్క్యూరియల్, ఈ మూడును మేళనజన్యమైన ప్రతికి జనకుల నిద్దఱిని నమోదు చేయును. గిట్ పుట్టుటకు నిమిత్తము లినక్స్ కెర్నెల్ అను బృహత్ప్రోగ్రాము. దానిని రచించువారు 2002నుండి బిట్‌కీపర్ అను విక్రయపద్ధతిని ఉచితానుమతిపై వాడుచుండిరి. ఆ యనుమతి 2005లో ఉపసంహరింపబడగా టోర్వాల్డ్స్ స్వయముగా నూతనపద్ధతికి పూనుకొనెను.

గిట్ నందు ప్రతియొక్క పేరు వరుససంఖ్య కాదు. ఆ ప్రతియందలి పాఠము, జనకుల పేర్లు, రచయిత, కాలము, వివరణము, వీని నన్నిటిని గణించి తీసిన నలువది అక్షరముల ముద్ర దాని పేరు. జనకుని పేరు ఈ గణనలో చేరియుండుటచేత, పూర్వప్రతిలో ఒక్క అక్షరము మార్చినను దాని పేరు మాఱును. తన్మూలమున తరువాతివాని పేర్లన్నియు మాఱును. వంశక్రమమును గుట్టుగా తాఱుమాఱు చేయుట అసాధ్యప్రాయమైనది.

అయితే ఈ లాభమునకు మూల్య మొకటి కలదు. పేరునుబట్టి వంశమును చెప్పగల ఆర్‌సీఎస్ సౌలభ్యము పోయినది. ఉమ్మడి మాతృకను ఇపుడు వెదకవలెను. లినక్స్ వంటి చరిత్రలో పదిలక్షలకు మించిన ప్రతులనడుమ వెదకవలెను. గిట్ దీనికి అనుసరించు పద్ధతిని స్థూలముగా ఇట్లు చెప్పవచ్చును. రెండు శాఖల కొనలకు రెండు రంగులు వేసి, తేదీలలో క్రొత్తదానితో మొదలుపెట్టి, ఒక్కొక్క ప్రతినుండి దాని జనకులకు ఆ రంగును అంటించుచు వెనుకకు నడతురు. రెండు రంగులును పడిన ప్రతి ఉమ్మడి పూర్వప్రతి. దానికి పూర్వమైనవన్నియు ఉమ్మడివే యైనను అవి మనకక్కఱలేదు. కావున వానికి 'కాలము చెల్లినది' అను గుఱుతు పెట్టుదురు. మిగిలినవన్నియు అట్టి గుఱుతు గలవే యైనపుడు నడక ముగియును.

ఇచ్చట తేదీలపై నుంచిన విశ్వాసము గమనింపదగినది. ప్రోగ్రామురచయితల కంప్యూటరులలో గడియారము తప్పుగా నున్నచో జనకునికంటె సంతానమునకు ముందుతేదీ పడును. నడక దారి తప్పును. అందుచేత లభించిన పూర్వప్రతులను మరల ఒకదానితో నొకటి పోల్చి, వేఱొకదానికి పూర్వమైనదానిని విడనాడవలసి యున్నది. మన లేఖకులు గ్రంథాంతమున సంవత్సరనామమును మాత్రమే వ్రాసి, అఱువదియేండ్లకొకసారి మరల వచ్చు ఆ పేరు ఏ శతాబ్దికి చెందినదో మన యూహకు విడిచిన సందర్భములు పరిశోధకులకు జ్ఞప్తికి రాకమానవు. కాలసూచన సాక్ష్యమే, ప్రమాణము కాదు.

ఈ కొఱత తీర్చుటకు 2018లో గిట్ తరసంఖ్యను ప్రవేశపెట్టెను. జనకులు లేని ప్రతికి 1. తక్కినవానికి, జనకుల తరసంఖ్యలలో పెద్దదానికంటె ఒకటి యెక్కువ. ఏ పూర్వప్రతికైనను తన సంతతికంటె తరసంఖ్య తక్కువగనే యుండును. గడియారముతో దీనికి సంబంధము లేదు. తరసంఖ్యను మాత్రమే చూచి నడచినచో కొన్ని చరిత్రలలో వెదకులాట దీర్ఘమగుటయు కనబడెను. 2021లో, జనకునికంటె సంతానము ఎన్నడును ముందు కాకుండునట్లు సవరించిన తేదీలను వాడు మఱొక గణనము వచ్చినది. వంశక్రమముచే కాలమును దిద్దుటయే గాని, కాలముచే వంశక్రమమును దిద్దుట కాదని ఈ పరిణామము తెలుపుచున్నది.

5. సంకరము

జనకు లిద్దఱైనపుడు వంశచిత్రము వృక్షము కాదు. కావున సమీపతమమైన ఉమ్మడి మాతృక ఒక్కటియే యుండవలెనను నియమమును పోయినది. సమీపతమమనగా, మఱి యే ఉమ్మడి పూర్వప్రతికిని తాను పూర్వము కానిది. ఇట్టివి రెండుండగల సందర్భమును చూపుదుము.

మాతృకలో రుసుము 10. ఒక శాఖలో రాముడు దానిని 12 చేసెను; వేఱొకశాఖలో సోముడు 15 చేసెను. రాముడు సోముని ప్రతిని తన శాఖలో కలుపుకొని, వైరుధ్యము రాగా 12నే నిలిపెను. అదే సమయమున సోముడు రాముని పూర్వప్రతిని తన శాఖలో కలుపుకొని 15నే నిలిపెను. ఇపుడీ రెండు మేళనప్రతులను ఏకము చేయవలెను. వీనికి ఉమ్మడి పూర్వప్రతులలో సమీపమైనవి రెండు: రాముని మొదటిప్రతి, సోముని మొదటిప్రతి. వానిలో ఏదియు వేఱొకదానికి పూర్వము కాదు.

రాముని ప్రతిని మాతృకగా గ్రహించినచో అందు 12; రాముడు మార్చలేదు, సోముడు 15 చేసెను; కావున 15 నిలుచును. సోముని ప్రతిని గ్రహించినచో, అదే తర్కముచేత 12 నిలుచును. రెండు విధములను యంత్రము ఏ హెచ్చరికయు చేయదు. ఫలితము ఏ మాతృక ముందు చేతికి దొరకినదను యాదృచ్ఛికతపై ఆధారపడును. ఇద్దఱు బుద్ధిపూర్వకముగా భిన్నాభిప్రాయము వెలిబుచ్చినచోట ఒకని మాట నిశ్శబ్దముగా తుడిచిపెట్టబడును. ఈ సమస్యలోని గాంభీర్య మిదియే.

గిట్ నందు దీనికి 2005లో ఫ్రెడ్రిక్ కుయివినెన్ ఒక పరిష్కారమును రచించెను. సమీపమాతృకలు రెండున్నచో, మొదట ఆ రెంటిని వాని ఉమ్మడి మాతృకననుసరించి మేళనము చేయవలెను. వానికిని మాతృకలు రెండున్నచో ఇంకను వెనుకకు పోయి అట్లే చేయవలెను. తుదకు లభించిన కల్పితప్రతిని మాతృకగా గ్రహింపవలెను. మన ఉదాహరణమున 12, 15 అను రెంటిని 10తో పోల్చి మేళనము చేయగా వైరుధ్యమే కలుగును. కల్పితమాతృకయందు ఆ పంక్తి వైరుధ్యరూపముననే నిలుచును. దానితో పోల్చినపుడు రాముని 12, సోముని 15, రెండును భిన్నములు. కావున యంత్రము తీర్పు చెప్పక వైరుధ్యమును మనుష్యుల ముందుంచును. ఇదియే న్యాయమైన ఫలితము. ఎలైజా న్యూరెన్ మరల రచించిన 'ఆర్ట్' అను రూపము 2021 నవంబరులోని 2.34వ గిట్ నుండి సామాన్యపద్ధతి యయ్యెను. అందును కల్పితమాతృకాసూత్రము నిలిచియే యున్నది. మెర్క్యూరియల్ వేఱొక మార్గమున, సమీపమాతృకలను విడివిడిగా పరీక్షించి, ఒక్కొక్క ఫైలునకు లభించిన ఫలితములను పోల్చి యెన్నుకొనును.

6. ఉపసంహారము

ఈ కల్పితప్రతిని ఎవరును వ్రాయలేదు; ఎచ్చటను భద్రపఱుపబడదు; పని ముగిసినంతనే మాయమగును. అయినను అది లేక తీర్పు సరిగా రాదు. కార్ల్ లాక్‌మన్ 1850లో లుక్రీషియసు గ్రంథమును పరిష్కరించుచు, నష్టమైపోయిన మూలమాతృకలో పుటకు 26 పంక్తులుండెనని ఉన్న ప్రతులనుండి ఊహించెను. విష్ణు సుక్థంకర్ 1933లో ముగించిన మహాభారత ఆదిపర్వపరిష్కరణమునందు ఉత్తర దక్షిణ శాఖల ప్రతులను, వానిలో తెలుగులిపి ప్రతులను గూడ, పోల్చి సాధింపదగినంతవఱకు ప్రాచీనమైన రూపమును నిర్ణయింప యత్నించెను. ఆ పాఠమును యథాతథముగా కలిగిన తాళపత్రము వేఱొకటి లేదు. పాల్ మాస్ 1927లో తన పాఠవిమర్శసూత్రములను క్రోడీకరించినపుడు, ప్రతులు పరస్పరము కలిసి సంకరమైనచోట ఆ సూత్రములు నిలువవని అంగీకరించెను. ఆ సంకరమే గిట్ నందు నిత్యకృత్యము. జనకులిద్దఱి పేర్లును వ్రాయబడియుండుటచేతనే అది దుస్సాధము కాలేదు.

సామ్యమును అతిగా సాగదీయుట తగదు. మన లేఖకుడు దోషమువలన పాఠమును మార్చును. ప్రోగ్రామురచయిత ప్రయోజనముకొఱకు మార్చును. పరిష్కర్త మాతృకకడకు వెనుకకు పోగోరును. ప్రోగ్రామురచయిత మాతృకను సోపానముగా జేసికొని ముందుకు పోగోరును. మఱియు ఉమ్మడి మాతృక యెవరు మార్చిరో చెప్పునే కాని, ఎవరి మార్పు ఒప్పో చెప్పదు. ఒకడు ఒక పదమును ప్రోగ్రామంతట మార్చి, వేఱొకడు అదే కాలమున ఆ పాతపదముతో క్రొత్తపంక్తి వ్రాసినచో మేళనము నిరాటంకముగా జరుగును; ప్రోగ్రాము మాత్రము నడువదు. వంశజ్ఞానము అర్థజ్ఞానము కాదు.

అయినను మన శాఖవారు ఇందు గ్రహింపవలసినది కలదు. నేడు పరిశోధకవిద్యార్థులు ప్రాచీనగ్రంథములను కంప్యూటరుపై ఎక్కించుచున్నారు. ఒకరు సరిదిద్దిన పాఠమును మఱొకరు తీసికొని మరల సరిదిద్దుదురు; రెండు మూడు చేతులు మాఱిన పిమ్మట ఏ సవరణ ఏ ప్రతినుండి వచ్చినదో చెప్పగలవా రుండరు. తాళపత్రలేఖకుడు మాతృకపేరు వ్రాయలేదని మనము వగతుము; అదే లోపమును, వ్రాయుటకు సర్వసాధనములు చేతనుండగా, మనము చేయుచున్నాము. సీవీఎస్ కాలమున ప్రోగ్రామురచయితలు పడిన పాట్లు దీనికి హెచ్చరిక. పాఠమును దిద్దిన ప్రతిసారియు అది ఏ ప్రతినుండి బయలుదేరినదో, రెండు పాఠములను కలిపినచో ఆ రెంటి పేర్లు నేవియో, ఒక్క పంక్తి వ్రాసి యుంచుట కష్టము కాదు. రేపటి పరిష్కర్తకు మన అభిరుచికంటె ఆ యొక్క పంక్తియే ఎక్కువ ఉపకరించునని మా విశ్వాసము.